ఉపసంహరణ గడువులోనే ముగిసిపోతున్న ఎన్నికలు: రాష్ట్ర ఎన్నికల కమిషన్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గారికి,

నమస్కారం.

ఒకే పార్టీ మాట చెల్లుబాటయ్యే పల్లెల్లో రెండో అభ్యర్థి తరఫున పనిచేసేవాళ్లం మేం. నామినేషన్ పత్రాలు నింపడం, అభ్యర్థి పేరును ప్రతిపాదిస్తూ వాటి మీద సంతకం చేసే ప్రతిపాదకుణ్ని వెతికిపెట్టడం, ఉపసంహరణ గడువు దాటేదాకా అభ్యర్థిని కాచుకోవడం, బూత్‌లో ఏజెంటును కూర్చోబెట్టడం, లెక్కింపు బల్ల ముందు నిలబడడం మా పని. మాలో వేర్వేరు పార్టీలకు పనిచేసినవాళ్లున్నారు, ఏ పార్టీకీ చెందనివాళ్లూ ఉన్నారు. మళ్లీ పంచాయతీ, పరిషత్ ఎన్నికలకు మీరు ఏర్పాట్లు చేసేముందు కొన్ని సంగతులు మీ దృష్టికి తేవాలని ఇది రాస్తున్నాం.

అసలు మాట ముందే చెబుతాం. మా ఊళ్లలో నామినేషన్ల మొదటి రోజు పొద్దున్నుంచి ఉపసంహరణ రోజు మధ్యాహ్నం 3 గంటల దాకా ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే ఎన్నిక తేలిపోతుంది. మీ పోలీసు బలగం, పరిశీలకులు, కెమెరాలు మాత్రం పోలింగ్ రోజుకు వస్తాయి. అప్పటికి కాపలా కాయడానికి అక్కడ ఎన్నికే మిగిలి ఉండదు. ఆ బలంలో సగమైనా ముందుకు జరపండని అడగడానికే ఈ లేఖ.

లెక్కలు మీ దగ్గర ఉన్నవే. 2020 మార్చిలో మొదలై, కరోనాతో ఆగి, 2021 ఏప్రిల్ 8న పోలింగ్ జరిగిన పరిషత్ ఎన్నికల్లో 126 జడ్పీటీసీ స్థానాలు, 2,371 ఎంపీటీసీ స్థానాలు పోలింగ్ దాకా రాలేదు. 2021 మార్చి పురపాలక ఎన్నికల్లో పులివెందుల, పిడుగురాళ్ల, మాచర్ల, పుంగనూరు పట్టణాల్లో అన్ని వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. తర్వాత రాష్ట్రంలో అధికారం మారింది. 2025 ఆగస్టు 12న పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నిక జరిగినప్పుడు, మునుపు ఏకగ్రీవాలు తమవే అయిన పక్షం తమ ఏజెంట్లను లోపలికి రానివ్వలేదని ఫిర్యాదు చేసింది, 2 కేంద్రాల్లో రీపోలింగ్ జరిగింది. ఫిర్యాదుదారులు మారారు, ఫిర్యాదు అదే. కాబట్టి ఏ పార్టీ బలంగా ఉందన్నది పక్కన పెట్టి, రెండో అభ్యర్థి నిలబడే దారి ఎక్కడ మూసుకుపోతోందో చూడమని కోరుతున్నాం.

నిజమైన ఏకగ్రీవాలు లేవని మేం అనం. నూరు గడపల ఊళ్లో అందరూ కూర్చుని మాట్లాడుకుని ఒకరిని ఎన్నుకుంటే సంతోషమే. చిక్కేమిటంటే ఆ ఏకగ్రీవానికీ, బెదిరించి తెచ్చిన ఏకగ్రీవానికీ కాగితం మీద తేడా కనబడదు. రెండింటికీ ఒకే ధ్రువపత్రం.

మొదట గడువు సంగతి. 2021 పంచాయతీ ఎన్నికల తొలి విడతలో నామినేషన్లకు జనవరి 29 నుంచి 31 దాకా 3 రోజులిచ్చారు. ఫిబ్రవరి 1న పరిశీలన, 4న మధ్యాహ్నం 3 గంటలకు ఉపసంహరణ గడువు, 9న పోలింగ్. అధికార పక్షానికి 3 రోజులు ఎక్కువే, వాళ్ల పత్రాలు ముందే సిద్ధంగా ఉంటాయి. రెండో అభ్యర్థి మాత్రం ఓటరు జాబితాలో వార్డు నంబరు, వరుస సంఖ్య సరిచూసుకోవాలి. రిజర్వుడు స్థానమైతే కుల ధ్రువపత్రం తేవాలి. పంచాయతీకి ఇంటి పన్ను, నీటి పన్ను బకాయి లేదని రసీదు కావాలి. ఆస్తులు, కేసులు, చదువు వివరాలతో స్వీయ ప్రకటన రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించాలి. డిపాజిట్ కట్టాలి. వీటిలో ఒక్కటీ కష్టమైన పని కాదు. కానీ ఒక్కో కాగితం ఒక్కో ఉద్యోగి చేతిలో ఉంటుంది, ఆ ఉద్యోగి బదిలీ, పోస్టింగ్ స్థానిక నాయకుడి నోట్లో ఉంటుంది. పంచాయతీ కార్యదర్శి ఆ మూడు రోజులూ 'మీటింగ్‌లో ఉన్నాను' అంటే చాలు. ఏ తప్పూ జరిగినట్టు ఎక్కడా నమోదు కాదు.

అందుకే మా వాళ్లకు మేం చెప్పేది, నోటిఫికేషన్ కోసం చూడొద్దని. పన్ను రసీదు, కుల ధ్రువపత్రం నెల ముందే తీసి పెట్టుకోమంటాం. రిజర్వేషన్ ఎటు తేలుతుందో తెలియదు కాబట్టి ఒకే ఊళ్లో ఇద్దరు ముగ్గురి పేరిట తీసి పెడతాం. కమిషన్ నుంచి కోరేది చిన్నదే. వార్డులవారీ తుది ఓటరు జాబితా, నామినేషన్ పత్రం, స్వీయ ప్రకటన నమూనా, నింపే పద్ధతి నోటిఫికేషన్‌కు కనీసం 15 రోజుల ముందు ప్రతి సచివాలయం గోడ మీదా, మీ వెబ్‌సైట్‌లోనూ ఉండాలి. బకాయి రసీదు అడిగిన 24 గంటల్లో ఇవ్వకపోతే, బకాయి లేదన్నట్టే లెక్కించాలని రిటర్నింగ్ అధికారులకు రాతపూర్వకంగా చెప్పండి.

అన్నిటికన్నా కష్టం ప్రతిపాదకుడు దొరకడం. అభ్యర్థి తెగించి నిలబడతాడు, అతని కారణాలు అతనికుంటాయి. ప్రతిపాదకుడికి ఏముంటుంది? గెలిస్తే పదవి రాదు, ఓడితే కోపం మాత్రం అతని గడపకే వస్తుంది. అందుకని మనిషిని ఎంచేటప్పుడు మేం ధైర్యం కన్నా అతని బతుకు దేని మీద ఆధారపడిందో చూస్తాం. కౌలు చేసే భూమి ఎవరిది, ఇంట్లో ఎవరైనా అంగన్‌వాడీలోనో ఉపాధి హామీలోనో పనిచేస్తున్నారా, చేసిన పనికి బిల్లు ఆగి ఉందా, చౌక ధరల దుకాణం ఉందా, పొలానికి దారి ఎవరి గట్టు మీదుగా పోతుంది. ఈ చివరిది కొత్తవాళ్లు మరిచిపోతారు. పింఛను ఆపితే కలెక్టరుకు అర్జీ పెట్టుకోవచ్చు. గట్టు మీద దారి ఆపితే కోతల వేళ ధాన్యం ఇంటికి చేరదు, ఆ తగవు సర్వే దాకా వెళ్లి ఏళ్లు నలుగుతుంది.

సర్పంచ్‌కి ఊళ్లో ఏ ఓటరైనా ప్రతిపాదించవచ్చు. వార్డు సభ్యుడికి మాత్రం అదే వార్డు ఓటరు కావాలి. చట్టం ప్రకారం పంచాయతీలో 5 నుంచి 21 దాకా సభ్యులుంటారు. 12 వార్డుల ఊళ్లో ప్యానెల్ నిలబెట్టాలంటే 12 మంది అభ్యర్థులు, 12 మంది ప్రతిపాదకులు, ఒకరు జారితే అందుకోవడానికి మరో నలుగురైదుగురు. ఇల్లు 5వ వార్డు వీధిలో ఉండి పేరు 3వ వార్డు జాబితాలో ఉండడం మామూలే. అది పరిశీలన రోజున బయటపడితే సరిదిద్దుకునే సమయం ఉండదు. ఎస్టీ మహిళకు కేటాయించిన వార్డులో ఆ వర్గానివి రెండు మూడు ఇళ్లే ఉంటే, ఆ ఇళ్లు ఎవరి తోటలో పనిచేస్తున్నాయో వాళ్లదే ఆ వార్డు.

ప్రతిపాదకుడు ఎదురు తిరిగితే ఏమవుతుందో 2024లో దేశమంతా చూసింది. సూరత్ లోక్‌సభ స్థానంలో ఆ సంతకాలు మావి కావని ప్రతిపాదకులు చెప్పడంతో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరించారు, మిగిలినవాళ్లు ఉపసంహరించుకున్నారు, ఏప్రిల్ 22న పోలింగ్ లేకుండానే ఎంపీ ఎన్నికయ్యారు. లక్షల ఓటర్లున్న చోటే అలా జరిగితే 800 ఓట్ల పంచాయతీలో ఎంత సులువో ఆలోచించండి. మేం ఒకే అభ్యర్థికి వేర్వేరు ప్రతిపాదకులతో ఒకటికి మించి నామినేషన్ పత్రాల సెట్లు వేయిస్తాం. ఒక సంతకం పోయినా రెండోది నిలబడుతుంది. అసలు అభ్యర్థి నామినేషన్ పోతే నిలబడే డమ్మీగా భార్యనో తమ్ముణ్నో కాకుండా వేరే ఇంటి మనిషిని పెడతాం, ఎందుకంటే ఒత్తిడి వచ్చేది ఇంటి మీదకు, ఒకే ఇల్లయితే ఇద్దరూ ఒకేసారి తప్పుకుంటారు. మీరు చేయగలిగింది ఒకటుంది. ప్రతిపాదకుడు స్వయంగా వచ్చి సంతకం పెడితే, రిటర్నింగ్ అధికారి ఎదుట ఫొటో తీసి, ఓటరు కార్డు నంబరుతో రసీదులో నమోదు చేయించండి. ఆ తర్వాత 'సంతకం నాది కాదు' అనే మాటను విచారణ లేకుండా అంగీకరించవద్దని ఆదేశించండి.

పత్రం ఇచ్చేచోటు కూడా ముఖ్యమే. కొన్ని ఊళ్లకు కలిపి ఒకచోట పెట్టే క్లస్టర్ కేంద్రంలో నామినేషన్లు తీసుకుంటారు. ఆ కేంద్రం ఏ ఊళ్లో ఉందో ఆ ఊరి వీధిలోనే మనుషులు కాపు కాస్తారు. గేటు బయట 100 మీటర్ల గీత గీసినంత మాత్రాన సరిపోదు, మనిషిని ఆపేది రెండు కిలోమీటర్ల అవతల మలుపులో. పశ్చిమ బెంగాల్‌లో 2018 పంచాయతీ ఎన్నికల్లో మూడో వంతు స్థానాలకు, అంటే 20 వేలకు పైగా స్థానాలకు పోటీయే లేకపోయింది. ఈమెయిల్‌లో పంపిన నామినేషన్లను తీసుకోమని కలకత్తా హైకోర్టు చెప్పినా, చట్టంలో లేదని సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కాబట్టి ఆన్‌లైన్ నామినేషన్ కావాలంటే నిబంధన మారాలి, అందుకు మీరు ప్రభుత్వానికి రాయాలి. అది తేలేలోగా మీ ఉత్తర్వుతోనే అయ్యే పని ఒకటుంది. క్లస్టర్ కేంద్రంతో పాటు డివిజన్ కేంద్రంలో ఆర్డీవో కార్యాలయం దగ్గర కూడా ఒక అధికారికి నామినేషన్లు తీసుకునే బాధ్యత అప్పగించండి. పట్టణంలో మనిషిని ఆపడం పల్లె మలుపులో ఆపినంత తేలిక కాదు.

పరిశీలనలో పోయే నామినేషన్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. స్వీయ ప్రకటనలో ఖాళీ వదిలిన గడి, వేలిముద్ర పక్కన ధ్రువీకరణ లేకపోవడం, జాబితాలో ఇంటిపేరు ఒకలా ధ్రువపత్రంలో మరోలా ఉండడం, ఇవే తరచూ కారణాలు. ముఖ్యం కాని పొరపాట్లకు తిరస్కరించరాదన్న సూత్రం అధికారులకు తెలుసు, ఒకే తప్పుకు రెండు పక్షాలకూ ఒకే న్యాయం జరగడమే అరుదు. ఖాళీ గడికి 'వర్తించదు' అని రాయమని పత్రం తీసుకునేటప్పుడే చెప్పే పద్ధతి, లోపాల చీటీ అక్కడికక్కడే ఇచ్చే పద్ధతి పక్కాగా అమలైతే ఈ గొడవ చాలా మటుకు తగ్గుతుంది. తిరస్కరణ ఉత్తర్వు ప్రతి అదే సాయంత్రం చేతికి రాకపోతే మరుసటి రోజు అప్పీలుకు అర్థం లేదు.

ఇక ఉపసంహరణ. ఈ లేఖలో మీరు ఒక్క భాగమే చదవగలిగితే ఇదే చదవండి.

ఉపసంహరణ పత్రం అంటే రెండు మూడు వాక్యాలు, కింద ఒక సంతకం. దాన్ని అభ్యర్థే తేవాలని లేదు. అభ్యర్థి రాతపూర్వకంగా అధికారమిస్తే ప్రతిపాదకుడు గానీ ఎన్నికల ఏజెంటు గానీ తెచ్చి ఇవ్వవచ్చు. ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో చూడండి. గడువు రోజు రెండున్నరకు ఎవరో ఒకరు కాగితం తెచ్చి బల్ల మీద పెడతారు. కింద అభ్యర్థి సంతకం, దానికి జత చేసిన అధికార పత్రం మీదా అదే సంతకం. రిటర్నింగ్ అధికారి నామినేషన్‌లోని సంతకంతో పోల్చి చూడడానికి పట్టేది అర నిమిషం. బయట గుంపు, లోపల ఇంకో పది ఊళ్ల పని. సంతకం రాని అభ్యర్థి అయితే వేలిముద్ర, దాన్ని కంటితో పోల్చడం ఎవరి వల్లా కాదు. ఆ అభ్యర్థి అప్పటికి ఎక్కడో బంధువుల ఊళ్లో ఫోను ఆపేసి ఉంటాడు, ఒత్తిడి తప్పించుకోవడానికి మేమే పంపి ఉంటాం. నాలుగు గంటలకు తిరిగొచ్చి చూస్తే గోడ మీద తుది జాబితాలో తన పేరుండదు. దాచిపెట్టిన అభ్యర్థి పేరు మీద దొంగ సంతకం, దాచిపెట్టకపోతే ఇంటికొచ్చి నిజమైన సంతకం. మాకు ఈ రెండే దారులు మిగులుతున్నాయి.

అందువల్ల మేం ఇప్పుడు అభ్యర్థిని గడువు రోజు ఒంటిగంటకే రిటర్నింగ్ అధికారి కార్యాలయానికి తెచ్చి 3 దాటేదాకా అక్కడే కూర్చోబెడుతున్నాం. 'నేను ఉపసంహరించుకోవడం లేదు, నా పేరిట ఎవరు పత్రం తెచ్చినా తీసుకోవద్దు' అని ముందు రోజే రాసి ఇచ్చి, రసీదు తీసుకుని, ప్రతి ఒకటి ఎంపీడీవోకూ మరొకటి మీ కార్యాలయానికీ పంపుతున్నాం. కొన్నిచోట్ల ఈ కాగితం పనిచేసింది. కొన్నిచోట్ల రసీదు ఇవ్వబోమన్నారు.

మీరు చేయవలసినవి ఇవి. అభ్యర్థి స్వయంగా వస్తేనే ఉపసంహరణ స్వీకరించాలి. ఆస్పత్రిలో ఉన్నట్టు రుజువుంటే తప్ప మినహాయింపు ఉండకూడదు. అభ్యర్థిని గదిలోకి ఒంటరిగా పిలిచి, వెంట వచ్చినవాళ్లను బయట నిలబెట్టి, 'ఎవరి ఒత్తిడీ లేకుండా తప్పుకుంటున్నారా' అని అధికారి అడగాలి, జవాబు వీడియోలో రికార్డు కావాలి. వేలిముద్రను బయోమెట్రిక్ యంత్రం మీద సరిచూడాలి, సచివాలయాల్లో పింఛన్ల కోసం ఆ యంత్రాలు ఉన్నవే. ఒక పంచాయతీలో ఒకే అభ్యర్థి మిగిలే పరిస్థితి వస్తే గెలుపు ధ్రువపత్రం వెంటనే ఇవ్వకుండా 48 గంటలు ఆగాలి. ఈలోగా తప్పుకున్నవాళ్లను జిల్లా స్థాయి అధికారి వేరుగా కలవాలి.

ఈ 48 గంటల మాట ఊరికే అనడం లేదు. 2021లో కమిషన్ బలవంతపు ఏకగ్రీవాల మీద విచారణకు సిద్ధపడింది. ఏకగ్రీవమని ఫారం 10 అనే ధ్రువపత్రం ఇచ్చేశాక విచారణ జరిపే అధికారం కమిషన్‌కు లేదని, ఆ పైన దారి ఎన్నికల ట్రిబ్యునల్‌దేనని హైకోర్టు చెప్పింది. అంటే ఆ కాగితం చేతులు మారకముందే మీ అధికారం పనిచేయాలి. రాజ్యాంగంలోని 243కె అధికరణం ఎన్నికల నిర్వహణ మొత్తాన్నీ మీ పర్యవేక్షణ కింద పెట్టింది. మీ పరిధిలో మీకు కేంద్ర ఎన్నికల సంఘానికున్నంత అధికారం ఉందని సుప్రీంకోర్టు 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో స్పష్టం చేసింది. ధ్రువపత్రం ఇవ్వడానికి ముందు ఏం సరిచూడాలో ముందుగానే, అన్ని జిల్లాలకూ ఒకేలా ఆదేశించడం ఆ అధికారంలోకి వచ్చేదే.

దళిత, గిరిజన అభ్యర్థుల విషయంలో కొత్త చట్టం అక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఎల్) ప్రకారం ఆ వర్గాలవాళ్లను నామినేషన్ వేయకుండా ఆపడం, వేసినదాన్ని ఉపసంహరింపజేయడం, ప్రతిపాదించకుండా బెదిరించడం, ఈ మూడూ నేరాలే. ఈ సంగతి చాలా స్టేషన్లలో ఎస్సైలకు గుర్తుండదు, ఫిర్యాదును 'ఎన్నికల గొడవ' అని రాసుకుంటారు. ఈ సెక్షన్ పేరు పెట్టి ప్రతి స్టేషనుకూ ఒక పేజీ సర్క్యులర్ పంపితే చాలు.

ఏకగ్రీవ ప్రోత్సాహకాల మీద మా అభిప్రాయం సూటిగా చెబుతాం. 2021లో ప్రభుత్వం జనాభాను బట్టి 5, 10, 15, 20 లక్షల రూపాయల చొప్పున ప్రకటించింది. ఆ డబ్బు ఊరికి మంచిదే. కానీ పోటీకి దిగినవాడు 'ఊరికి రావలసిన 10 లక్షలు పోగొట్టినవాడు' అవుతాడు. బెదిరించక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు. గుడికి ఇంత ఇస్తానని సర్పంచ్ పదవిని వేలం పాడుకునే చోట ఇదే మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది. డబ్బిచ్చి అభ్యర్థిని తప్పించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 170 కింద లంచం. నోటిఫికేషన్ వచ్చాక ఉపసంహరణ గడువు ముగిసేదాకా ప్రోత్సాహకాల ప్రచారం ఆపించండి. వేలం జరిగిందని తెలిసిన ఊళ్లో ఎన్నికను నిలిపి మళ్లీ నోటిఫికేషన్ ఇవ్వండి.

గొడవ చేయబోమని ముందుగానే పూచీకత్తు రాయించుకునే బైండోవర్ల గురించి ఒక మాట. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 126 కింద తహసీల్దారు ముందు హాజరుపరిచేవాళ్లలో మా ఏజెంట్లు, ప్రతిపాదకులే ఎక్కువ కనబడతారు. నామినేషన్ రోజునే పిలిపించి సాయంత్రం దాకా కూర్చోబెడితే పని అయిపోయినట్టే. మండలంవారీగా ఎవరిని, ఏ కారణంతో బైండోవర్ చేశారో జాబితా బయట పెట్టమనండి. నామినేషన్ రోజుల్లో హాజరు అడగకుండా నోటిఫికేషన్‌కు ముందే ఆ పని ముగించమనండి.

ఇవన్నీ దాటి పోలింగ్ దాకా వస్తే మా పని కొంత తేలికే. ప్రచారానికి మిగిలేది నాలుగు రోజులు. మండలంలో ప్రింటింగ్ ప్రెస్ కరపత్రం వేయనంటుంది, పక్క జిల్లాలో వేయించుకుంటాం. ఇలాంటి ఊళ్లో సభ పెట్టడం తప్పు, వచ్చినవాళ్ల లెక్క అవతలివాళ్లు రాసుకుంటారు. చీకటి పడ్డాక ఇద్దరిద్దరుగా ఇళ్లకు వెళ్లడం, ఆడవాళ్లతో ఆడవాళ్లే మాట్లాడడం, ఎవరినీ జెండా పట్టమనకుండా, కండువా కప్పకుండా తిరిగి రావడం, ఇదే మా ప్రచారం. అక్కడ జనం అడిగే ప్రశ్న ఒక్కటే: 'మేం ఎవరికి వేశామో తెలుస్తుందా?'

ఆ ప్రశ్నకు జవాబు మీ చేతుల్లో ఉంది. 200 ఓట్ల వార్డులో పెట్టె విప్పితే వీధి వీధి లెక్క తెలిసిపోతుంది. వార్డు సభ్యుడి ఓటుకు అది తప్పదు. సర్పంచ్ ఓట్లనైనా అన్ని వార్డులవీ ఒకచోట కలిపాకే లెక్కించాలని, ఏ ఊళ్లోనూ ఇందుకు మినహాయింపు ఉండదని గట్టిగా చెప్పండి. బూత్‌లో ఓటరు ముద్ర వేసే బల్ల కిటికీ పక్కన ఉండకూడదు.

పేపర్ బ్యాలెట్‌తో ఇంకో మోసం ఉంది. మొదటి ఓటరు పెట్టెలో వేరే కాగితం ముక్క వేసి, ఖాళీ బ్యాలెట్‌ను జేబులో పెట్టుకుని బయటికొస్తాడు. బయట దాని మీద ముద్ర వేసి రెండో ఓటరుకు ఇస్తారు. అతను దాన్ని పెట్టెలో వేసి, తనకిచ్చిన ఖాళీ పత్రం తెచ్చి ఇస్తాడు, అప్పుడే అతనికి డబ్బు. ఇలా సాయంత్రం దాకా సాగుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఏజెంటు కన్ను పెట్టె మీదే ఉండాలి. పెట్టెలో పడేది నిలువుగా, తర్వాత అడ్డంగా మడిచిన బ్యాలెట్టా, వెనక ప్రిసైడింగ్ అధికారి సంతకం కనబడుతోందా అన్నది చూడాలి. ముద్ర వేసే స్టాంపు బూత్ దాటకూడదు, గంటకోసారి లెక్క చూసుకోవాలి. ఏజెంటు లేకపోతే ఇది చూసేవాళ్లుండరు. ఆ ఊళ్లలో రాత్రికి రాత్రి ఏజెంట్లు మాయమవుతారు కాబట్టి, ఏ బూత్‌లో ఏ అభ్యర్థి ఏజెంటు లేడో పోలింగ్ మొదలైన అరగంటలో పరిశీలకుడికి చేరే ఏర్పాటు చేయండి. ఒకే పక్షం ఏజెంటు ఉన్న బూత్‌కు ముందుగా వెళ్లమని వాళ్లకు చెప్పండి.

2021లో పోలింగ్ మధ్యాహ్నం 3.30కి ముగిసి 4 నుంచి లెక్కింపు మొదలైంది. చీకటి పడ్డాకే ఫలితాలు తేలతాయి, అప్పుడే కరెంటు పోతుంది. ప్రతి లెక్కింపు గదికీ రెండు బ్యాటరీ దీపాలు సామగ్రి జాబితాలో చేర్చండి. రీకౌంటింగ్ కోరే పత్రం ఫలితం ప్రకటించకముందే ఇవ్వాలి. అందుకోసం ప్రకటనకు ముందు ఆగే ఆ రెండు నిమిషాల విరామాన్ని అధికారి బయటికి వినబడేలా ప్రకటించాలి.

చివరగా రికార్డుల సంగతి. ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయడానికి 30 రోజులే గడువు. పిటిషన్‌కు ఆధారం ఉపసంహరణ పత్రాలు, వాటితో వచ్చిన అధికార పత్రాలు, గదిలో తీసిన వీడియో. అడిగితే 'కెమెరా అద్దెకు తెచ్చినవాళ్లు తీసుకెళ్లిపోయారు' అనే జవాబు వస్తోంది. వీడియోల ప్రతి అదే సాయంత్రం జిల్లా పంచాయతీ అధికారి దగ్గర జమ కావాలి. అభ్యర్థి దరఖాస్తు పెట్టిన 3 రోజుల్లో నకలు ఇవ్వాలి. పిటిషన్ వేసిన ఊళ్లవి తీర్పు వచ్చేదాకా చెరపకూడదు. ఇందుకు కావలసింది మీ నుంచి ఒక్క ఉత్తర్వు, నోటిఫికేషన్‌కు ముందు.

ఇట్లు,
ఒకే పార్టీ ఆధిపత్యం ఉన్న గ్రామాల్లో పనిచేస్తున్న ఎన్నికల ప్రచార కార్యకర్తలు